చెక్కుచెదరని నష్టం

ముదిగుంట్లపల్లిలో ఆ ఏడు వేరుశనగ ఎండిపోయిందంటే ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆ ఊళ్ళో వేరుశనగ పండితేనే జనం గుమ్మాల్లోకి వచ్చి చెప్పుకుంటారు. విత్తనం వేసే వేళకు ఒక వాన కురిసింది. మొలకలు చూసుకుని మురిసిపోయే వేళకు ఇంకో వాన కురిసింది. తీరా ఊడలు నేలలోకి దిగి కాయ పట్టే సమయానికి మేఘం మొహం చాటేసింది. దసరా నాటికి వన్నూరప్ప చేలో నడిస్తే కాళ్ళ కింద ఆకు గలగలమంది.

అయినా వన్నూరప్ప పెద్దగా దిగులుపడలేదు. పంట పోవడం అతనికి కొత్త కాదు. కాయ పోతే కట్టె ఉంటుంది. ఎండిన చెట్టును వేరుతో సహా పీకి, మట్టి దులిపి, ఇంటి వెనక వామి వేసుకుంటే ఎద్దులకు గాసం అవుతుంది. అతనికున్న ఆస్తల్లా ఆ ఎద్దులే. ఒకటి కర్రోడు, ఇంకోటి బొల్లోడు. పంట పోయిన ప్రతి ఏడూ అతను ఆ రెండింటి వైపూ చూపించి, "ఈ ఏడు మనకు కాదులే, వాళ్ళకు పండింది" అని భార్య మారెక్కతో అంటాడు. ఆ మాట విని విని ఆమెకు నవ్వు రావడం కూడా మానేసింది.

ఆ రోజు పొద్దున్నే ఇద్దరూ చేలోకి దిగి మొదటి చెట్టు మీద చెయ్యి వేశారో లేదో, రోడ్డు మీద మోటారు సైకిలు కీచుమని ఆగింది.

"పీకొద్దు! చెట్టు మీద చెయ్యి తియ్యండి!"

మండల వ్యవసాయాధికారి పరంజ్యోతి గారు గట్టు మీద నుంచి చేతులూపుతున్నారు. దొంగను పట్టుకున్నవాడి మొహంలో ఉండే వెలుగు ఆయన మొహంలో ఉంది.

"వన్నూరప్పా, నువ్వు చేయబోతున్న పనేమిటో నీకు తెలుసా?"

"కట్టె పీకుతాండా సార్."

"కాదు. నష్టాన్ని నిర్మూలిస్తున్నావు."

వన్నూరప్ప భార్య వైపు చూశాడు. మారెక్క చెట్టు వైపు చూసింది. చెట్టు ఎప్పటిలాగే చచ్చి ఉంది.

పరంజ్యోతి గారు గొంతు సవరించుకున్నారు. ఆయనకు ఇద్దరు కనిపించినా సభే. "మన మండలాన్ని ప్రభుత్వం కరువు మండలంగా ప్రకటించింది. ఎండిన పైరుకు సబ్సిడీ మంజూరు చేస్తుంది. అయితే పై నుంచి పరిశీలన బృందం విచ్చేసి, నష్టాన్ని స్వయంగా తిలకించి, ధ్రువీకరించవలసి ఉంటుంది. గతంలో ఏం జరిగింది? బృందం వచ్చేసరికి రైతులు చేలు దున్నేశారు. దున్నిన చేలో నష్టమెక్కడుంది? మట్టి ఉంది. మట్టికి సబ్సిడీ ఇవ్వగలమా? అందువల్ల తాజాగా ఉత్తర్వులు వెలువడ్డాయి. నష్టపోయిన పైరును నష్టపోయిన స్థితిలోనే, బృందం వచ్చే వరకు, యథాతథంగా నిలిపి ఉంచవలెను. పైరు లేనిచో నష్టము లేదు. నష్టము లేనిచో సబ్సిడీ లేదు."

"బృందం యెప్పుడొస్తాది సార్?"

"త్వరలో."

"అంతవరకూ మా ఎద్దులేం తినల్ల?"

"ఎద్దులు నా పరిధిలోకి రావు. అది పశుసంవర్ధక శాఖ," అన్నారు పరంజ్యోతి గారు, ఎద్దులకు కలిగిన అదృష్టాన్ని అభినందిస్తున్నట్టుగా.

ఆయన వెళ్ళాక మారెక్క కొంగు దులుపుకుంటూ, "ఎద్దు పుండు కాకికి ముద్దు!" అంది.

వన్నూరప్ప గట్టు మీద కూర్చుండిపోయాడు. సబ్సిడీ వస్తే వచ్చే ఏటికి విత్తనం దొరుకుతుంది. కట్టె పీకితే ఎద్దులు బతుకుతాయి. విత్తనం కావాలంటే ఎద్దులు పస్తుండాలి, ఎద్దులు తినాలంటే విత్తనం ఆశ వదులుకోవాలి. ఎద్దులు లేకుండా విత్తనమెందుకు? విత్తనం లేకుండా ఎద్దులు మాత్రం ఎందుకు? ఎంతసేపు ఆలోచించినా ఈ రెండూ ఒకదాని తోక ఒకటి పట్టుకుని తిరుగుతూనే ఉన్నాయి. చివరికి, "త్వరలో అన్నాడు గదా, ఓర్చుకుందాం" అని లేచాడు.

అలా మొదలైంది చచ్చిన పైరుకు కాపలా.

పైరు బతికి ఉన్నప్పుడు వన్నూరప్ప దానికి ఇంత సేవ చేసి ఎరగడు. ఇప్పుడు మంచం చేలోకి మార్చాడు. గొర్రెల మంద కనబడితే చాలు, కర్ర పట్టుకుని పరుగెత్తాడు. పక్క చేను సుంకన్నది. సుంకన్నకు భూమికి పట్టా లేదు, అందువల్ల ప్రభుత్వ లెక్కలో అతనికి చేను లేదు, పైరు లేదు, నష్టం అసలే లేదు. ఆ స్వేచ్ఛతో అతను తన కట్టె అంతా పీకి బర్రెకు వేసుకుని, చేను దున్ని, తీరిగ్గా గట్టు మీదికొచ్చి కూర్చున్నాడు.

"ఏమన్నా, పైరెట్లుండాది?" అని రోజూ పలకరించేవాడు.

"ఎండిపోయిందిరా."

"మంచిది. జాగర్త. తేరుకుంటాదేమో చూసుకో."

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. బతికుండగా పిడికెడు కాయ ఇవ్వని ఆ చేనిప్పుడు ఊరందరి నోళ్ళలో నానింది.

ఒకనాడు బొల్లోడు పలుపు తెంపుకున్నాడు. గట్టున కట్టేసిన ఎద్దు, ఎదురుగా చేనెడు కట్టె, మధ్యలో ఉత్తర్వు. ఎద్దుకు చదువు రాదు గదా, గట్టు పక్కన రెండు సాళ్ళు మేసేసింది. వన్నూరప్ప చూసీ చూడనట్టు కాసేపు అటు తిరిగి నిలబడ్డాడు. ఆ నములుతున్న చప్పుడు అతనికి కడుపు నిండినంత హాయిగా అనిపించింది.

మర్నాడే పరంజ్యోతి గారు నష్ట పర్యవేక్షణకు వచ్చి ఆ రెండు సాళ్ళ దగ్గర గొంతుక్కూర్చున్నారు.

"ఇక్కడ నష్టానికి నష్టం జరిగింది."

"అదెట్ల సార్? ఉన్నదంతా పోయింది గదా. పోయినదాంట్లో మళ్ళా పోయేదేముంటాది?"

"అది సాంకేతిక అంశం. కరువు తిన్న పైరుకు మాత్రమే మా శాఖ సబ్సిడీ. దీన్ని ఎద్దు తిన్నది. ఎద్దు తిన్నంత మేరకు నీ నష్టం తగ్గింది. ఆ మేరకు నువ్వు లాభపడినట్టు లెక్క."

వన్నూరప్ప తన లాభాల వైపు చూసుకున్నాడు. బొల్లోడి పక్కటెముకలు దూరం నుంచే కనబడుతున్నాయి.

ఆ తర్వాత గాలులు మొదలయ్యాయి. గాలికి ఎండుటాకు రాలిపోతోందని పరంజ్యోతి గారు పైకి రాశారు. ఆకు లేని చెట్టు ఎండి ఆకు రాల్చిందా, పుట్టుకతోనే ఆకు లేనిదా అని బృందం అడిగితే ఏం చెప్పాలన్నది ఆయన బెంగ. రైతు కష్టాల మీద రాసిన కాగితాలు ఎక్కడెక్కడ నిద్రపోతాయో అందరికీ తెలుసు. ఈ కాగితం మాత్రం రెక్కలు కట్టుకుని తిరిగొచ్చింది. దాని వెంట ఒక పథకం కూడా వచ్చింది. దాని పేరు నష్ట సంరక్షణ పథకం.

ఊళ్ళోకి లారీ వచ్చింది. చేను చుట్టూ ముళ్ళతీగె, పైన ఆకుపచ్చ వల, ఆకులు కాడలకు అంటుకుని ఉండేందుకు జిగురు మందు, ఆ మందు కొట్టే యంత్రం, అన్నీ ఉచితం. బతికిన పైరుకు ఒక్క మందు డబ్బా కోసం వన్నూరప్ప రైతు కేంద్రం ముందు నిలబడి నిలబడి కాళ్ళు లాగి వెనక్కొచ్చిన రోజులున్నాయి. చచ్చిన పైరుకు మందు ఇంటికొచ్చింది. ఇద్దరు సిబ్బంది వచ్చి ఆకు ఆకుకూ జిగురు కొట్టి వెళ్ళారు. ఆ తర్వాత ఎంత గాలి వీచినా ఒక్క ఆకు రాలలేదు.

పథకానికి ప్రారంభోత్సవం ఉండాలి గదా. గట్టు మీద షామియానా వేశారు. వన్నూరప్పకు శాలువా కప్పి, ఆదర్శ నష్ట రైతు అని ప్రకటించారు. పరంజ్యోతి గారు మైకు అందుకున్నారు.

"సోదరులారా! పంట పండించడం ఎవరైనా చేస్తారు. పోయిన పంటను పోయినట్టే నిలబెట్టడానికి క్రమశిక్షణ కావాలి. ఈ చేనును చూడండి. ఇంతటి నాణ్యమైన నష్టం జిల్లాలో మరెక్కడా లేదని నేను సగర్వంగా మనవి చేస్తున్నాను."

జనం చప్పట్లు కొట్టారు. పక్క మండలాల నుంచి బస్సుల్లో రైతులను తీసుకొచ్చి, నష్టం ఎలా నిలుపుకోవాలో నేర్చుకోండని చూపించారు. వాళ్ళు వల కింద తొంగిచూసి, తలలూపి, ఇచ్చిన ఉప్మా తిని వెళ్ళిపోయారు.

శాలువా కప్పుకుని ఇంటికొచ్చిన ఆదర్శ నష్ట రైతుకు కొట్టంలో ఎద్దులు కనిపించాయి. పాత కొట్టం పైన కప్పిన బోదగడ్డిని మారెక్క రోజుకింత లాగి వాటికి వేస్తోంది. ఆ గడ్డి ఎప్పటిదో, నల్లబడి, మసి వాసన వేస్తోంది. అయినా అవి నమిలాయి. కప్పు సగం ఎద్దుల కడుపుల్లోకి దిగిపోయి, కొట్టంలో నిలబడితే ఆకాశం కనబడుతోంది.

"దళారి వచ్చిపోయినాడు," అంది మారెక్క. "ఈ వారం సంతకు తోలుకొస్తే ఇంత మాంసమన్నా ఉంటాదంట. వచ్చే వారానికి అది గూడా ఉండదంట."

వన్నూరప్పకు ఏడుపొచ్చింది. శాలువా తీసి కర్రోడి వీపు మీద కప్పాడు. కర్రోడు మెడ తిప్పి దాని అంచు నమలబోయాడు. సంతకు తోలితే ఆ ఎద్దులు ఏ అరకకూ పోవని అతనికి తెలుసు. "ఇంకొక్క వారం చూద్దాం," అన్నాడు. ఆ మాట ముందు వారం కూడా అన్నాడు.

ఆ వారంలోనే వాన కురిసింది.

అది ఉత్త వాన కాదు. కార్తీకంలో ఆకాశానికి ఆలస్యంగా సిగ్గేసినట్టు, ముసురు పట్టి కురిసింది. సుంకన్న దున్నిన చేలో ఉలవలు చల్లాడు. అవి అడిగిందే తడవుగా మొలిచాయి. గట్లు పచ్చబడ్డాయి, బీళ్ళు పచ్చబడ్డాయి. ఊరంతా నవ్వు మొహాలతో తిరుగుతుంటే, వానలో తడుస్తూ, ట్రాక్టరు నిండా టార్పాలిన్ పట్టలేసుకుని పరంజ్యోతి గారు దిగారు.

"కప్పండి! త్వరగా కప్పండి! కరువు నష్టం తడవకూడదు. తడిస్తే కలుపు మొలుస్తుంది. మోడు చిగురిస్తుంది. చిగురించిన నష్టాన్ని నేను బృందానికి ఏ మొహంతో చూపించాలి?"

సిబ్బంది చేనంతా పట్టలు పరిచి చుట్టూ రాళ్ళు పెట్టారు. వన్నూరప్ప చేను మీద పడ్డ వాన వన్నూరప్ప చేను మీద నుంచే జారి, సుంకన్న ఉలవల్లోకి పారింది. ఏడాది పొడుగునా ఏ నీటి కోసం దేవుళ్ళకు మొక్కుకున్నాడో, ఆ నీరు తన కళ్ళ ముందే పక్క చేలోకి పోతుంటే వన్నూరప్ప పరంజ్యోతి గారి దగ్గరికి నడిచాడు.

"సార్, ఒక్క పట్ట ఇప్పించండి. కొట్టం పైన కప్పు లేదు. ఎద్దులు తడస్తాండాయి."

"ఇవి నష్టానికి మంజూరైన పట్టలు వన్నూరప్పా. ఎద్దులు నష్టం కిందికి రావు."

"వచ్చేట్టుండాయి సార్," అన్నాడు వన్నూరప్ప మెల్లగా.

ఆయన వినిపించుకోలేదు. నష్టం పొడిగా ఉందో లేదోనని పట్ట కింద చెయ్యి పెట్టి చూసుకుంటున్నారు.

వాన వెలిశాక, ఊరు పచ్చగా కళకళలాడుతున్న రోజున, కరువు చూడటానికి బృందం వచ్చింది. వరుసగా కార్లు ఆగాయి. ముందు కారులోంచి నల్లకళ్ళద్దాల పెద్దసారు దిగి, చుట్టూ ఒకసారి చూసి, "కరువెక్కడ?" అని అడిగాడు.

"ఇటు దయచేయండి సార్," అని పరంజ్యోతి గారు పెళ్ళిపందిరిలోకి పిలిచినట్టు పిలిచారు. సిబ్బంది పట్టలు తొలగించారు. వల పైకెత్తారు. చుట్టూ పచ్చదనం మధ్య వన్నూరప్ప చేను ఒక్కటే ఎండి, ఆకు రాలకుండా, మట్టి తడవకుండా, తీర్చిదిద్దినట్టుగా ఉంది. పరంజ్యోతి గారి ఛాతీ ఉప్పొంగింది.

పెద్దసారు అటు చూశాడు. ఇటు చూశాడు. తర్వాత పట్టల వైపు చూశాడు.

"పక్క చేను పచ్చగా ఉంది. వెనక చేను పచ్చగా ఉంది. ఇదొక్కటే ఎండింది. ఎందుకు?"

పెద్దసారు వంగి ఒక పట్ట అంచు ఎత్తి చూశాడు.

"పట్టలు కప్పితే పైరు ఎండక ఏమవుతుంది? పైన వల వేసి ఎండ తగలకుండా చేశారు, కింద పట్ట వేసి వాన తగలకుండా చేశారు. ఇది ప్రకృతి వైపరీత్యం కాదు. రైతు నిర్లక్ష్యం. మానవ తప్పిదం వల్ల కలిగిన నష్టానికి సబ్సిడీ వర్తించదు. ఏమంటారు?"

వన్నూరప్ప పరంజ్యోతి గారి వైపు చూశాడు. ఏ ఎండకా గొడుగు పట్టే విద్యలో పరంజ్యోతి గారు పెద్ద పరీక్షే పాసయ్యారు. "నేనూ అదే గమనించాను సార్," అన్నారు.

పెద్దసారు కారెక్కబోతూ ఆగాడు. "ఈ వలలూ పట్టలూ జిగురూ, వీటన్నిటి మీద ఆడిట్ బృందం వస్తుంది. దేన్ని సంరక్షించడానికి వాడారో ఆ పైరు వాళ్ళకు చూపించాలి. చూపించలేకపోతే బాధ్యత మీదే."

వన్నూరప్ప ముందుకొచ్చి దండం పెట్టాడు. "సార్, ఒక్క మాట. ఇది నష్టం గాదు గదా?"

"కాదు."

"నష్టం గాకపోతే దీన్ని కాపాడే పని లేదు గదా?"

"నీ చేను, నీ ఇష్టం," అన్నాడు పెద్దసారు. కార్లు కదిలాయి.

పరంజ్యోతి గారు చివరి కారు మలుపు తిరిగేదాకా వంగి నమస్కారం చేస్తూనే ఉన్నారు. నడుము నిటారుగా చేసి వెనక్కి తిరిగేసరికి కర్రోడు, బొల్లోడు చేను నడిమధ్యలో ఉన్నారు. మారెక్క చీర ఎగ్గట్టి కట్టె పీకుతోంది. సుంకన్న గట్టు దూకి వచ్చి ఆమెకు సాయం పడుతున్నాడు.

"ఆగండి! ఆడిట్ ఉంది! ఆడిట్ వచ్చే వరకు యథాతథంగా..."

"పెద్దసారు నా ఇష్టమన్నాడు సార్," అన్నాడు వన్నూరప్ప. చెట్టు పీకి, జిగురంటిన ఆకు మీద చెంబెడు నీళ్ళు పోసి కడిగి, కర్రోడి నోటికి అందించాడు. ఎద్దు నమిలింది. ఇన్నాళ్ళ తర్వాత ఆ గలగల చప్పుడు వింటుంటే అతనికి విత్తనం ఆశ పోయిందని కూడా కోపం రాలేదు.

ఇన్నాళ్ళూ ఎండి ఎండి తరిగిపోయిన ఆ కట్టె వామి వేస్తే నడుమెత్తు కూడా రాలేదు. ఎన్నాళ్ళొస్తుంది? వామి నేలకు దిగే వేళకు పరంజ్యోతి గారు మళ్ళీ వచ్చారు. మోటారు సైకిలు దిగుతూనే అరుగు మీద కూలబడ్డారు. ఆడిట్ బృందం త్వరలో వస్తోందని ఉత్తరం వచ్చిందట. మారెక్క ఇచ్చిన నీళ్ళు గటగట తాగి, మొదటిసారిగా మామూలు మనిషిలా మాట్లాడారు.

"వన్నూరప్పా, నన్ను బతికించు. సంరక్షించిన పైరేదీ అంటే ఏం చూపించను? ఉద్యోగం పోతుంది. పోయింది గదయ్యా, మొత్తం పోయింది గదా!"

వన్నూరప్పకు ఆయన మీద జాలేసింది. కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత కొట్టం వైపు చెయ్యి చూపించాడు.

"పోలేదు సార్. యాడికి పోతాది? సగం కర్రోడి కడుపులో ఉండాది, సగం బొల్లోడి కడుపులో ఉండాది. నష్టమంతా ఈళ్ళ ఒంటికే పట్టింది. కావాలంటే పక్కటెముకలు తడిమి చూడండి."

పరంజ్యోతి గారు ఎద్దుల వైపు చూశారు. చూస్తూ చూస్తూ ఉండగా ఆయన మొహంలోకి పాత వెలుగు మెల్లగా తిరిగొచ్చింది. నడుము నిటారయింది. భాష కూడా తిరిగొచ్చింది.

"అనగా, సదరు సాక్ష్యం నశించలేదు. చేను నుంచి పశువులకు బదిలీ అయినది!"

ప్రభుత్వంలో బదిలీని తప్పుపట్టేవాడెవడు? ఉత్తర్వు వచ్చేసింది. సదరు సాక్ష్యాధార పశువులను ఆడిట్ బృందం వచ్చే వరకు యథాతథంగా నిలిపి ఉంచవలెను. వాటిని అమ్మరాదు, సంతకు తోలరాదు. అవి బరువు తగ్గినచో సాక్ష్యం తగ్గినట్లుగా పరిగణించబడును. దీన్ని చదివిన పశుసంవర్ధక శాఖ, తన పరిధిలోకి ఇన్నాళ్ళకు ఒక పని వచ్చినందుకు ఉత్సాహపడి, బండెడు పచ్చిగడ్డీ దాణా మూటలూ పంపింది. చేను మీద నుంచి తీసిన పట్టలు కొట్టం పైకి ఎక్కాయి, సాక్ష్యం తడవకూడదు గదా. వారం వారం పశువైద్యుడొచ్చి ఎద్దులను పలకరించి పోతున్నాడు.

"మనకు గూడా ఎవురన్నా ఇట్లాంటి కాగితం రాసిస్తే బాగుండు," అంది మారెక్క.

సబ్సిడీ రాలేదు. దాని సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆడిట్ బృందం కూడా రాలేదు. వన్నూరప్ప మాత్రం రోజూ దీపం పెట్టే వేళ, ఆ బృందానికి ఏ కష్టమూ రాకూడదనీ, వాళ్ళు ఎక్కడున్నారో అక్కడే చల్లగా ఉండాలనీ మనస్ఫూర్తిగా మొక్కుకుంటున్నాడు.

ఎండలు ముదిరాక ఒక సాయంత్రం సుంకన్న బర్రెను తోలుకుని వచ్చాడు. ఉలవ పొట్టు అయిపోయింది. బర్రె డొక్కలు లోపలికి పోయాయి. కర్రోడు, బొల్లోడు పట్టల నీడలో నున్నగా మెరుస్తూ నెమరేస్తున్నారు. వాటిని చూసి సుంకన్న గొంతు తగ్గించాడు.

"న్నా, వామి అడుగున యాడన్నా పిడికెడు సాక్ష్యం మిగిలుండాదా?"

వన్నూరప్ప ఇంటి వెనక్కి పోయాడు. వామి వేసిన చోట నేల గీకి, మట్టీ ఆకూ కలిసిన గుప్పెడు కట్టె ఏరి తెచ్చి బర్రె నోటికి అందించాడు. బర్రె దాన్ని నమిలి మింగేదాకా ఇద్దరూ నిలబడి చూశారు.

"ఇంక పో," అన్నాడు వన్నూరప్ప. "పోయి సారుకు చెప్పు."